బ్యాంకు లాయరు పత్రాలు చూశారంటే మనకు చాలా?

మీ ప్రశ్నలు నాలుగు. అమ్మేవారి ఫ్లాటు ఇప్పటికే వేరే బ్యాంకు తనఖాలో ఉంటే కొనవచ్చా? మాకు రుణమిచ్చే బ్యాంకు లాయరు పత్రాలు చూస్తున్నప్పుడు మళ్లీ మరో లాయరు ఎందుకు? రుణం రాకపోతే బయానా వెనక్కి వస్తుందా? రుణంలో భార్య పేరు ఉంటే ఇంట్లో ఆమెకు వాటా ఉన్నట్టేనా? తొమ్మిదేళ్ల క్రితం మేము పాత ఫ్లాటు కొన్నప్పుడు నాకు నిద్ర పట్టకుండా చేసినవి కూడా ఇవే. నేను లాయరును కాను. మాకు జరిగింది, దాని నుంచి తెలుసుకున్నది చెబుతాను.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మేము దెబ్బతినబోయి ఆగింది అక్కడే. బ్యాంకు నియమించిన లాయరు చూసేది బ్యాంకు సొమ్ముకు భద్రత ఉందా అని మాత్రమే. ఆ సొమ్ము ఇంటి విలువలో ఒక భాగమే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణానికి ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వకూడదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులను మామూలుగా ఆ విలువలో కలపరు కూడా. మిగిలినదంతా మీ కష్టార్జితం. రేపు ఆ ఇల్లు మీరు అమ్మబోతే కొనేవారికి ఏ అనుమానం వస్తుందో ఆలోచించడం బ్యాంకు లాయరు పని కాదు.

మాకు రుణం మంజూరైంది, రిజిస్ట్రేషనుకు తేదీ కూడా అనుకున్నాం. అయినా నా భార్య పట్టుబట్టి, పత్రాల నకళ్లన్నీ వాళ్ల మేనమామకు తెలిసిన ఒక లాయరు గారి దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన ఈసీని, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ వరుసగా చూపించే ధ్రువపత్రాన్ని, బల్ల మీద పరిచి, ఒక్కో వరుస కింద స్కేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీలో స్కేలు ఆగిపోయింది. మొదటి యజమాని దస్తావేజులు బ్యాంకులో పెట్టి రుణం తీసుకున్నట్టు అక్కడ ఒక నమోదు ఉంది. అది విడుదలైనట్టు ఆ తర్వాత ఏ వరుసలోనూ లేదు. అమ్మేవారిని అడిగితే, బాకీ లేదని బ్యాంకు ఎప్పుడో ఇచ్చిన లేఖ జిరాక్సు చూపించారు. "అప్పు తీరిందనడానికి ఇది సాక్ష్యమే, కానీ రిజిస్టరులో తనఖా ఇంకా అలాగే ఉంది" అన్నారు లాయరు గారు. మొదటి యజమానిని వెతికి పట్టుకుని, ఆ బ్యాంకు చేత తనఖా విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించేసరికి ఏడు వారాలు పట్టింది. అమ్మేవారికి మా మీద కోపం వచ్చింది, అయినా మేము ఆగాం. అసలు బాధ ఏమిటంటే, బ్యాంకు లాయరు నివేదికలో ఈ సంగతి ఒక వాక్యంలో ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ నివేదిక బ్యాంకు కోసం రాసింది కాబట్టి మాకు ఎవరూ చెప్పలేదు. మీరు దాని నకలు అడగండి. ఇవ్వకపోయినా అడగండి.

ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షను ప్రకారం, నోటిఫై చేసిన పట్టణాల్లో అసలు దస్తావేజులను రుణదాత చేతికి హామీగా అప్పగించడంతోనే తనఖా ఏర్పడిపోతుంది. దానికి విడిగా దస్తావేజు రిజిస్టరు చేయించకపోతే ఈసీలో జాడే ఉండదు. అందుకే అసలు పత్రాలు చేత్తో పట్టుకుని చూడాలి. "అసలువి లాకరులో ఉన్నాయి, ఇవిగో నకళ్లు" అంటే అక్కడే ఆగండి. ఇలాంటి తనఖాల కోసమే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. చిన్న రుసుము కట్టి ఆ ఆస్తి మీద రుణం నమోదై ఉందేమో ఎవరైనా వెతకవచ్చు.

ఇక మొదటి ప్రశ్న. తనఖాలో ఉన్న ఫ్లాటును నిక్షేపంగా కొనవచ్చు. ఒక రకంగా అసలు పత్రాలు ఎక్కడున్నాయో ముందే తెలుస్తుంది. అమ్మేవారి బ్యాంకు నుంచి రెండు విషయాలు రాతపూర్వకంగా తెప్పించండి: ఇంకా కట్టాల్సిన బాకీ ఎంత, తమ దగ్గర ఉన్న అసలు పత్రాలు ఏవేవి. బాకీకి సరిపడా మొత్తం మీ బ్యాంకు నుంచి నేరుగా ఆ రుణ ఖాతాకే వెళ్లాలి, అమ్మేవారి చేతికి కాదు. ఆ తర్వాత పత్రాలు ఎవరు, ఏ రోజు తీసుకుంటారో ఒప్పందంలోనే రాసుకోండి. ఇంటి ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసింది కొనేవారే. అమ్మేవారు విదేశాల్లో ఉంటే లెక్క పూర్తిగా వేరు, అప్పుడు ఆడిటరును తప్పక అడగండి.

బయానా సంగతి పూర్తిగా ఒప్పందంలోని మాటల మీద ఆధారపడి ఉంటుంది. విక్రయ ఒప్పందం రాసుకున్నంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను చెబుతుంది. అమ్మేవారు మాట తప్పితే ఒప్పందాన్ని అమలు చేయించమని కోర్టుకు వెళ్లవచ్చు, దానికి మూడేళ్ల గడువు ఉంది. కానీ మీకు రుణం రాకపోతే వెనక్కి తగ్గింది మీరే అవుతారు. మా ముసాయిదాలో "కొనుగోలుదారు వెనుదిరిగితే బయానా జప్తు" అని మాత్రమే ఉంది. దాని కింద, బ్యాంకు రుణం నిరాకరిస్తే ముప్పై రోజుల్లో మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలని ఒక వాక్యం చేర్పించాం. బయానా, ధరలో కొంత భాగం చెల్లింపు రెండూ కోర్టు దృష్టిలో వేర్వేరు కాబట్టి, ఇస్తున్న సొమ్ము ఏ పేరుతో ఇస్తున్నారో కూడా స్పష్టంగా ఉండాలి. బిల్డరు దగ్గర కొత్తది కొంటే మాత్రం, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

భార్య పేరు గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను. రుణంలో పేరు ఉండటం వేరు, విక్రయ దస్తావేజులో పేరు ఉండటం వేరు. సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే మొత్తం బాకీకి ఆమె బాధ్యురాలు, కానీ ఆ ఒక్క సంతకంతో యజమానురాలు కాదు. మా అక్క పదకొండేళ్లు తన జీతంలోంచి వాయిదాలు కట్టింది. ఇల్లు తన పేరున కూడా ఉందనే అనుకుంది. దస్తావేజులో ఆమె పేరు లేదు. దయచేసి రిజిస్ట్రేషనుకు ముందే ముసాయిదాలో ఇద్దరి పేర్లు, ఎవరి వాటా ఎంతో రాయించండి. ఎవరినైనా జామీను ఉండమని అడగబోతుంటే, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం వారి బాధ్యత కూడా మీతో సమానమేనని వారికి ముందుగా చెప్పండి.

మీరు అడగకపోయినా ఒక మాట. ఏదో ఒక నెల వాయిదా తప్పితే మర్నాడే ఇల్లు పోదు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆస్తిని స్వాధీనం చేసుకునే చర్య తీసుకుంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ నోటీసును మాత్రం ఒక్కరోజు కూడా పక్కన పెట్టవద్దు.

మా రుణం నిరుడు తీరింది. వడ్డీ రేటు మారుతూ ఉండే (ఫ్లోటింగ్) రుణం కాబట్టి ముందే కట్టినందుకు జరిమానా ఏమీ లేదు. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కవరు చేతికిచ్చినప్పుడు అక్కడే కూర్చుని లెక్కపెట్టాను. ఒక లింకు దస్తావేజు, అంటే మాకు ముందటి యజమానుల కొనుగోలు పత్రం, లేదు. "ఇవే మాకు ఇచ్చారు" అన్నారు. పత్రాలు అప్పగించిన రోజున బ్యాంకు ముద్ర వేసి ఇచ్చిన జాబితా చూపించాను, అందులో ఆ దస్తావేజు నంబరు మూడో వరుసలో ఉంది. మూడో వారంలో వేరే ఫైలులో దొరికిందని ఫోను చేశారు. ఆ తర్వాత తనఖా విడుదల రిజిస్టరు చేయించి, సెర్సాయ్‌లో మా రుణం ముగిసినట్టు నమోదైందో లేదో చూసి, కొత్త ఈసీ తీసుకున్నాను. ఇంటికి వచ్చి మా అమ్మాయి స్కేలు తీసుకుని ఒక్కో వరుస కింద పెట్టి చదివాను. ఈసారి మా తనఖా నమోదు కింద దాని విడుదల కూడా ఉంది.