కత్తి లాక్కోకు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటలీలో, సార్డీనియా దీవిలో పని కుదిరిందని మీ అమ్మ చెప్పింది. ఒల్యాస్త్రా కొండల్లో ఊరు, 96 ఏళ్ళ పెద్దాయన, ఇంట్లోనే ఉండి చూసుకోవాలట. టెన్షన్ పడకు. పన్నెండేళ్ళు ఆ పనే చేసినదాన్ని.

ఎక్కడైనా వందేళ్ళు దాటేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ కొండ ఊళ్ళలో మాత్రం మగవాళ్ళూ ఇంచుమించు అంతమందీ ఉంటారు. అది గమనించిన పరిశోధకులు మ్యాపు మీద నీలం సిరాతో గుర్తు పెట్టారు, ఆ ప్రాంతానికి ‘బ్లూ జోన్’ పేరు అలా వచ్చిందే. అక్కడి ముసలాళ్ళు చాలామంది గొర్రెల వెంట కొండలెక్కి దిగినవాళ్ళు. ఒకరు చేసి పెడితే ఒళ్ళు మండుతుంది.

నాకు మొదటి వారంలోనే తెలిసొచ్చింది. నేను చూసుకున్న తాతగారు మడత కత్తితో పెకొరీనో, అదే గొర్రెపాల చీజు, కోసుకుంటుంటే చెయ్యి వణికింది. కత్తి లాక్కుని ముక్కలు చేసి పెట్టాను. ఒక్కటీ ముట్టలేదు. మర్నాడు కత్తి పళ్ళెం పక్కన పెట్టి, పొయ్యి వైపు తిరిగి నిలబడ్డా. ఒక్క ముక్కకి ఐదు నిమిషాలు. దాంట్లో సగం నాకే ఇచ్చాడు.

మెట్లూ అంతే. చెయ్యి పట్టి లాగకు. ఎక్కినా దిగినా నువ్వు ఆయనకంటే ఒక మెట్టు కిందే ఉండు.

తిండికి బెంగలేదు. బీన్స్, సెనగలు, కూరముక్కలు వేసి మినెస్త్రోనె అనే చిక్కటి సూపు కాస్తారు, మన పప్పుచారుకి దూరపు చుట్టం. పానె కరజావు అని అప్పడంలాంటి రొట్టె ఉంటుంది. పళ్ళు లేకపోతే వేడి సూపులో ముంచి పెట్టు. ఎమ్మా మొరానో అనే ఆవిడ రోజూ గుడ్లు తిని 117 ఏళ్ళు బతికిందని అక్కడ ఎవరో ఒకరు చెబుతారు. విను, నవ్వు, ఈయన డాక్టరు రాసిందే పెట్టు.

పేరు పెట్టి పిలవకు. మనం ఊళ్ళో బాబాయ్ అన్నట్టు వాళ్ళు ‘త్సియూ’ అంటారు.

ఇంట్లో ఉండి చేసేవాళ్ళకి వారానికి 36 గంటల సెలవు కాంట్రాక్టులోనే ఉంది, ఆదివారం మొత్తం, ఇంకోరోజు సగం. నా మొదటి ఇంటివాళ్ళు ఏడాదిపాటు ఆ మాటే ఎత్తలేదు, నేనూ అడగలేదు. నువ్వు మొదటిరోజే అడుగు.

పుట్టినరోజుకి ‘అ కెంట్ అన్నోస్’ అంటారు, నూరేళ్ళు బతకమని. నేను ఉత్సాహంగా అనేశాను. తాతగారికి అప్పుడు 97. ‘అంటే ఇంకా మూడేళ్ళేనా?’ అన్నాడు.

మీ పెద్దమ్మ