జోన్ చిన్నదైందని కోటింగ్‌ను తిట్టుకోకండి, ముందు పీహెచ్ చూడండి

మీరడిగింది ఇదీ: చైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసే పదార్థం) కోటింగ్ వేసిన జింక్ ఆక్సైడ్ నానో కణాలకు ఈ.కోలై బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద జోన్, అంటే బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం, చిన్నగా వస్తోంది, కోటింగ్ లేనివాటికే పెద్దగా వస్తోంది, మరి కోటింగ్ దండగేనా అని.

దండగని ఇప్పుడే అనలేం. మాకైతే దీనికి తలకిందులుగా జరిగింది. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు ఇదే. జింక్ అసిటేట్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేసి, వచ్చిన తెల్ల ముద్దను కడిగి ఆరబెట్టి, ఫర్నేస్‌లో 400 డిగ్రీల దగ్గర కాల్చాం. ఎక్స్ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష) 31.7, 34.4, 36.2 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్ పీకులు మూడూ చక్కగా వచ్చాయి, ఆ సంతోషంలో ఆ సాయంత్రం లీలామహల్ సర్కిల్ దాకా నడుచుకుంటూ పోయి దోసెలు తినొచ్చాం.

తప్పు ఆ తర్వాత జరిగింది. చైటోసాన్ మామూలు నీళ్లలో కరగదు కదా, 1 శాతం అసిటిక్ యాసిడ్‌లో కరిగించి, అందులో మా పొడి వేసి, రాత్రంతా స్టిర్రర్ మీద వదిలేసి వెళ్లాం. పొద్దున వచ్చి చూస్తే పాలలా ఉన్నది కాస్తా తేటగా అయిపోయింది. కణాలు భలే విడిపోయాయని మురిసిపోయాం! ప్లేటులో చేసిన గుంటలో, అంటే వెల్‌లో, పోస్తే ఈ.కోలై మీదా, స్టెఫిలోకాకస్ మీదా ఇంతింత జోన్లు. ఫోటోలు కూడా తీసుకున్నాం. పక్క ల్యాబ్ సీనియర్ అక్క ఒకామె ప్లేటు చూసి, "ఉత్త యాసిడ్ పోసిన వెల్ ఏదమ్మా?" అనింది. లేదు. మర్నాడు పోసి చూస్తే దానికీ జోన్ వచ్చింది.

జింక్ ఆక్సైడ్ యాసిడ్‌లో కరిగిపోతుంది. అంటే జింక్ అసిటేట్ దగ్గర మొదలుపెట్టి, అంత కష్టపడి, మళ్లీ జింక్ అసిటేట్ దగ్గరికే వచ్చామన్నమాట.

రెండోసారి పొడి కలిపిన వెంటనే సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తూ పీహెచ్ 10 దాకా పెంచాం. అప్పుడు చైటోసాన్ కరిగి ఉండలేక కణాల మీద పడుతుంది, కరిగిన జింక్ కూడా తిరిగి బయటికి వస్తుంది. కడిగిన నీళ్లు పీహెచ్ 7కి వచ్చేదాకా సెంట్రిఫ్యూజ్ తిప్పుతూనే ఉన్నాం, విసుగే కానీ తప్పదు. ఈసారి మాకూ మీలాగే జోన్ బాగా తగ్గిపోయింది.

అసలు కణాలు అగార్‌లో (ప్లేటులోని జెల్లీ) పెద్దగా పాకవు, పాకేది వాటి నుంచి విడుదలయ్యే జింక్ అయాన్లే. దానికి తోడు చైటోసాన్‌కు పాజిటివ్ చార్జి, అగార్‌కు కొంచెం నెగెటివ్, కాబట్టి కోటింగ్ ఉన్నవి వెల్ అంచుకే అతుక్కుపోయే అవకాశం ఎక్కువ. బ్యాక్టీరియా పొర కూడా నెగెటివే, కోటింగ్ వేసేదే దానికి అతుక్కోవడానికి. ఆ గుణమే ప్లేటు మీద మనకు ఎదురు తిరుగుతుంది.

అందుకే జోన్ కొలతలు పక్కన పెట్టి 96 వెల్ ప్లేటులో బ్రాత్ డైల్యూషన్ (ద్రవ మీడియంలో మోతాదు తగ్గిస్తూ ఎంత దగ్గర పెరుగుదల ఆగుతుందో చూడడం) చేయండి, బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 5 లక్షల దగ్గర ఉంచి. ఓడీ (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) రీడింగ్ మాత్రం నమ్మొద్దు, కణాలే తెల్లగా ఉంటాయి కాబట్టి బ్యాక్టీరియా చచ్చినా పెరిగినట్టే చూపిస్తుంది. రెసజురిన్ అనే రంగు వేస్తే, నీలం గులాబీ రంగుకు మారిన చోట బ్యాక్టీరియా బతికున్నట్టు, లేదా ప్లేటు మీద పరిచి కాలనీలు లెక్కపెట్టుకోవచ్చు. పక్కనే ఉత్త చైటోసాన్, కోటింగ్ లేని కణాలు, అంతే జింక్ ఉండే జింక్ అసిటేట్ కూడా పెట్టండి. ఫాస్ఫేట్ బఫర్‌లో కలపకండి, జింక్‌ను అది లాగేసుకుంటుంది.

ఇంకోటి, 100 మైక్రోగ్రాముల కోటింగ్ పొడిలో జింక్ ఆక్సైడ్ 100 మైక్రోగ్రాములు ఉండదు, మిగతాది చైటోసానే. టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గిందో చూసే పరీక్ష) తీయించి ఆ లెక్క సరిచేశాకే రెండింటినీ పోల్చండి. మేం ఇది సబ్మిషన్‌కు వారం ముందు గమనించాం, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మీరు పొడి కలిపాక ద్రావణం తెల్లగానే ఉందా, తేటపడిందా? పీహెచ్ ఎంత ఉందో కూడా రాయండి, అది తెలిస్తే మిగతాది చెప్పొచ్చు.