గేటు దగ్గర దించేసి రాకండి, మీరూ లోపలికి వెళ్లండి

అడిగిన ప్రశ్న ఇది: “మా అబ్బాయికి 13, అమ్మాయికి 16 ఏళ్లు. హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్‌కి వెళ్తామని పట్టుబడుతున్నారు. ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చా, లేక వాళ్లని గేటు దగ్గర దించి సాయంత్రం వెళ్లి తెచ్చుకోవడం నయమా?”

వెళ్లండి, అందరూ వెళ్లండి. కామిక్ కాన్ అంటే బొమ్మల కథల అభిమానులు తమకిష్టమైన పాత్రల వేషాలు కట్టుకుని కలిసే జాతర లాంటిది. దించేసి రావడమంత పొరపాటు ఇంకోటి లేదు. మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి నలుగురం వెళ్లాం. అప్పుడు మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి.

అమ్మాయి తనకిష్టమైన ఒక జపాన్ కథలోని యోధురాలి వేషం కట్టింది. బేగంబజార్‌లో ఫోమ్ షీట్లు కొన్నాం. మూడు వారాల పాటు రోజూ కాలేజీ నుంచి వచ్చి, అన్నం తిన్నాక కూర్చునేది. కాగితం మీద కొలతలు గీసుకుని, ఫోమ్ కత్తిరించి, వేడిగాలి కొట్టే హీట్ గన్‌తో వేడి చేసి వంచితే చల్లారాక ఆ వంపు అలాగే నిలబడుతుంది. ఫోమ్ రంగు పీల్చేయకుండా ముందు తెల్ల ఫెవికాల్ నీళ్లలో కలిపి రెండు మూడు పూతలు పూయాలి. ఇదంతా నేను నా కూతురి దగ్గర నేర్చుకున్నా. లెక్కల్లో కోణాలంటే భయపడే పిల్ల భుజానికి కవచం సరిగ్గా కూర్చునేలా కొలత తీస్తుంటే పక్కన కూర్చుని చూశాను.

మెట్రోలో అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాం. రైల్లో ఒక పెద్దాయన కవచం నలిగిపోతుందని లేచి మా అమ్మాయికి సీటిచ్చారు. ఆయనకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటా.

తీరా లైన్లో నిలబడ్డాక ఎడమ భుజం కవచం ఊడి కింద పడింది. పిల్ల మొహం చూడలేకపోయాను. మా వెనక నీలం విగ్గు పెట్టుకున్న ఓ కాలేజీ అబ్బాయి వంగి దాన్ని తీసి, తిప్పి చూసి చెప్పాడు: “ఆంటీ, ఈ గమ్ తడిగా ఉన్నప్పుడు అతికిస్తే పట్టదు. రెండు వైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటుకోనప్పుడు గట్టిగా నొక్కాలి.” మా పిల్లేమో రాత్రి పన్నెండున్నరకి నిద్రమత్తులో పూసిన వెంటనే అతికించేసింది.

నా హ్యాండ్‌బ్యాగ్‌లో సూదీ దారం, పిన్నీసులు ఎప్పుడూ ఉంటాయి. ఫోమ్‌లోకి సూది సులువుగానే దిగుతుంది కానీ, దారం లాగితే ఫోమ్ తెగుతుంది. అందుకని నా చున్నీ అంచు చింపి, పైనా కిందా గుడ్డముక్క పెట్టి దాని మీదుగా కుట్టాను. సాయంత్రం దాకా కదల్లేదు.

లోపలికి వెళ్లి ఓ గోడవార కూర్చున్నానో లేదో, “ఆంటీ, నా కేప్ కూడా కొంచెం” అంటూ ఒకమ్మాయి వచ్చింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. గంటన్నరలో ఏడుగురు పిల్లలకి కుట్టాను. తెల్లవారుజామునే బస్సెక్కి వరంగల్ నుంచి వచ్చినవాడొకడు. చివర వచ్చిన అమ్మాయికి పదిహేడేళ్లుంటాయేమో, నేను నడుము పట్టీ కుడుతుంటే మెల్లగా అడిగింది: “మీ ఇంట్లో ఏమీ అనరా ఆంటీ?” ట్యూషన్ అని చెప్పి వచ్చిందట. వేషం తీసుకెళ్లే బ్యాగు స్నేహితురాలింట్లో దాచుకుంటుందట. అంత అందంగా తన చేత్తో చేసుకున్నది ఇంట్లో చూపించుకోలేని ఆ పిల్ల ఇప్పటికీ గుర్తొస్తుంది. మిమ్మల్ని లోపలికి వెళ్లమంటున్నది అందుకే.

మా అమ్మాయి కాలేజీలో ఒక లెక్చరర్ ఫొటోలు చూసి, “వేషాలు తగ్గించి ర్యాంకు సంగతి చూడు” అన్నారట. పొద్దున ఏడింటికి బస్సెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లకి ఏడాదిలో ఒక్క శనివారం కూడా ఉండకూడదా? వేషం మనకి తిట్టు ఎప్పుడైందో నాకర్థం కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలు కుటుంబాలకి కుటుంబాలు వేషాలు కట్టి బతికించినవే. ఆ కుటుంబాల కాలనీ హైటెక్స్‌కి దగ్గర్లోనే, శేరిలింగంపల్లిలో ఉంది. వాళ్లకి చప్పట్లు కొట్టి మన పిల్లల్ని తిడతామా?

ఇంకో బాధ కూడా ఉంది. తెలుగులో బొమ్మల కథ ఒక్కటైనా దొరుకుతుందేమోనని స్టాళ్లన్నీ తిరిగాను. నాకైతే కనపడలేదు. చందమామ బొమ్మలు చూస్తూ పెరిగినదాన్ని, ప్రాణం ఉసూరుమంది.

మీకు పనికొచ్చే సంగతులు నాలుగు చెప్తాను. నడిచి నడిచి కాళ్లు పీకుతాయి, మెత్తటి బూట్లు వేసుకోండి. నిజమైన కత్తులు, పదునున్న ఇనుప వస్తువులు లోపలికి రానివ్వరు. వేషంలో ఉన్నవాళ్లని అడక్కుండా ఫొటో తీయొద్దని మీ అబ్బాయికి, వద్దనే హక్కు తనకుందని మీ అమ్మాయికి ముందే చెప్పండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో అనుకుని, గంట గంటకీ వెంటపడకుండా వదిలేయండి.

ఇంటికొచ్చాక మా అత్తమ్మకి ఫొటోలు చూపించాను, ఏమంటుందోనని భయపడుతూనే. ఆవిడ ఆ భుజకవచం ఒళ్లో పెట్టుకుని తడిమి చూసింది. “మా ఊరికి గిట్లనే పగటేషగాళ్లు వచ్చెటోళ్లు. దినానికో యేషం. ఒకనాడు పోలీసు యేషమేసుకొని వస్తే మా నాయిన నిజం పోలీసే అనుకొని పెరట్లకెల్లి ఉరికిండు” అని మనవరాలికి అర్ధరాత్రి దాకా చెబుతూనే ఉంది. ఈసారి తానూ వస్తానంటోంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మడత కుర్చీ లోపలికి తీసుకెళ్లనిస్తారేమో, ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లెవరైనా చెప్పండి.