మైక్రోనేషన్‌కి నిజమైన డబ్బు కావాలా? మా ‘కట్ట’ నోట్ల అనుభవం

మీరు అడిగింది ఇది: పది మంది స్నేహితులు కలిసి మైక్రోనేషన్, అంటే ఎవరూ గుర్తించకపోయినా ‘ఇది మా దేశం’ అని ప్రకటించుకునే చిన్న దేశం, పెట్టుకున్నారు, జెండా, రాజ్యాంగం అయిపోయాయి. ఇప్పుడు సొంత నోటు తేవాలి. దాన్ని ఆటగానే ఉంచాలా, రూపాయితో ముడిపెట్టి నిజమైన ఆర్థిక వ్యవస్థ కట్టుకోవాలా? 200 నోట్లు ఒక్కోటి 50 రూపాయలకు అమ్మి, ఆ డబ్బుతో మొదలుపెట్టాలని మీ ఆలోచన.

నిజమైన డబ్బు రానివ్వండి. కానీ వస్తువు అమ్మి తెచ్చుకోండి, నోటు అమ్మి వద్దు. మేం రెండోది చేశాం కాబట్టి చెప్తున్నాను.

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి కొందరం, నాగ్‌పూర్ నుంచి కొందరం ఇళ్లకు తిరిగొచ్చాం. ఆరుగురం కూర్చుని ప్రాణహిత దగ్గర మా తాత మామిడి తోటను దేశంగా ప్రకటించుకున్నాం. నలభై మందికి పౌరసత్వం ఇచ్చాం. నోటుకు ‘కట్ట’ అని పేరు పెట్టాం. ఎండాకాలం మా దగ్గర చాలా ఇళ్లలో నగదు కనబడేది బీడీలు చుట్టే తునికాకుతోనే కాబట్టి ఒక నోటు విలువ ఒక ఆకు కట్ట అనుకున్నాం. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు, నది దాటి తెలంగాణలోకి పోతే 50. మా పౌరులు రెండు ఒడ్డుల్లోనూ ఉన్నారు. ఏ కట్ట లెక్క అని వారం తిరగకముందే వాదన మొదలైంది. దాంతో ఆకు వదిలేసి, ఒక కట్ట అంటే 5 రూపాయలు అని తేల్చాం.

తేల్చడం సులువుగానే అయింది. చుట్టాలకు, స్నేహితులకు నోట్లు అమ్మి రూపాయలు తీసుకున్నాం. అవి ముద్రణకు, జెండాకు, తోటలో మోటారు రిపేరుకు ఖర్చయ్యాయి. అందులో తప్పేం కనబడలేదు, దేశం పని కోసమే కదా అనుకున్నాం. మా వీధిలో కిరాణా నడిపే పెద్దాయన, నాకు వరసకు మామ అవుతాడు, మా మీద ప్రేమతో టీ పొడికీ చక్కెరకీ ఆ నోట్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన తీసుకుంటున్నాడని మిగతావాళ్లూ అక్కడే ఖర్చు పెట్టారు. ఏడు నెలలకు ఆయన గల్లాలో 820 కట్టలు పోగయ్యాయి. అంటే 4,100 రూపాయలు. కూతురి ఫీజు కట్టాల్సిన రోజు ఆ కట్టలన్నీ రబ్బరు బ్యాండు వేసి తెచ్చాడు. “మీ కాగితాలు మీరు తీసుకొని నా పైసలు నాకు ఇయ్యి బిడ్డా” అన్నాడు. మా డబ్బాలో 1,350 ఉన్నాయి.

ఆయన కోపం చేయలేదు. గడప మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. అది నేను మరిచిపోలేను. మా అక్క దగ్గర అప్పు తెచ్చి ఆ సాయంత్రమే మొత్తం ఇచ్చాను. తర్వాత మిగతా నోట్లు ఎవరెవరి దగ్గర ఉన్నాయో లెక్క తీసి, అందరికీ తిరిగి చెల్లించడానికి ఐదు నెలలు పట్టింది.

ఇక్కడ మా తాత చెప్పిన సంగతి ఒకటి చెప్పాలి. సిరొంచ 1860 నుంచి ఇంగ్లీషువాళ్ల కింద ఉంది, అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. ఇటు కల్దార్ రూపాయి, అటు హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. నూరు కల్దార్లకు నూట పదహారు చిల్లర వచ్చేది, మన నూట పదహార్ల చదివింపు అక్కడి నుంచే వచ్చిందని కొందరు అంటారు. పడవ దాటి సంతకు పోయేటప్పుడు తాత వాళ్ల నాన్న రెండు సంచులు వేరువేరుగా పెట్టుకునేవాడట. నిజాం రూపాయిని ఇటువైపు వ్యాపారి కూడా ఎందుకు తీసుకున్నాడు? అవతల శిస్తు ఆ రూపాయిలోనే కట్టాలి కాబట్టి దాని అవసరం ఉన్నవాడు ఎప్పుడూ ఒకడు ఉండేవాడు. మార్చి ఇచ్చే సావుకారి కూడా ఉండేవాడు. మా తోటకు శిస్తూ లేదు, సావుకారీ లేడు. ఆ రెండు పనులూ తెలియకుండానే ఆ మామ నెత్తిన పెట్టాం.

ఆస్ట్రియాలో వోర్గల్ అనే చిన్న పట్టణం 1932లో సొంత నోట్లు వేసింది. మైక్రోనేషన్ కాదు, మామూలు పురపాలక సంఘమే. దాని పద్ధతి మీరు చూడాలి. నోట్లకు సరిపడా షిల్లింగులు, అంటే అప్పటి ఆస్ట్రియా డబ్బు, ముందే బ్యాంకులో పెట్టారు. పనివాళ్లకు కూలి ఆ నోట్లలో ఇచ్చారు, పన్ను కూడా ఆ నోట్లలో తీసుకున్నారు. అందుకే అవి చేతులు మారాయి. అంత బాగా నడిచినా 1933లో ఆ దేశ కేంద్ర బ్యాంకు ఆపించింది. ఇంగ్లండ్ దగ్గర లండీ దీవి యజమాని 1929లో ‘పఫిన్’ నాణేలు వేయించాడు, కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది.

మన దగ్గర చట్టం ఇంకా సూటిగా ఉంది. 1934 నాటి రిజర్వ్ బ్యాంక్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, తెచ్చి చూపించినవాడికి అడిగిన వెంటనే ఇంత డబ్బు ఇస్తాం అని రాసిన కాగితం రిజర్వ్ బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం తప్ప ఇంకెవరూ జారీ చేయకూడదు. మా నోటు వెనక సరిగ్గా ఆ మాటే రాశాం! ఒక వకీలు చూసి చెప్పేదాకా తెలియలేదు, ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. జనం దగ్గర డిపాజిట్‌లా డబ్బు తీసుకుంటే 2019లో వచ్చిన ఇంకో చట్టం కూడా ఉంది. దేశం మనదే అని మనం అనుకున్నా చట్టం అలా అనుకోదు. ఆస్ట్రేలియాలో హట్ రివర్ అనే మైక్రోనేషన్ 1970 నుంచి యాభై ఏళ్లు నిలబడింది. దాని డాలరు ఆస్ట్రేలియా డాలరుతో సమానం, స్టాంపులు, నాణేలు, పర్యాటకులతో మంచి ఆదాయం. పన్ను బాకీ కింద దాదాపు 30 లక్షల డాలర్లు కట్టాలని 2017లో కోర్టు చెప్పింది, 2020లో ఆ దేశమే రద్దయింది.

పక్క చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకాలో పద్నాలుగు ఊళ్లు ఉన్నాయి, మహారాష్ట్ర మాదంటుంది, తెలంగాణ మాదంటుంది. జనం దగ్గర రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. రూపాయి మాత్రం ఒక్కటే. నాకు ఆ ఊళ్లంటే ఇష్టం. పౌరసత్వం రెండు రకాలుగా ఉన్నా బతుకు నడుస్తుంది, పైసలు మాత్రం అందరూ నమ్మేవి అయి ఉండాలి అని అక్కడ తిరిగినప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మేం తోటలో పండిన మామిడితో తాండ్ర, ఒరుగులు చేసి అమ్ముతాం. జెండా బొమ్మతో పోస్టుకార్డులు వేస్తాం. కట్ట నోటు ఇంకా ఉంది, కానీ దాని మీద ‘జ్ఞాపిక, డబ్బుగా చెల్లదు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, 30 రూపాయలకు అమ్ముతాం. కొన్నవాడు దాన్ని ఇంట్లో పెట్టుకుంటాడు, తిరిగి తెచ్చి మమ్మల్ని ఏమీ అడగడు. పౌరులు తోటలో చేసిన పని గంటల్లో నోట్‌బుక్‌లో రాస్తాం. రూపాయల లెక్క వేరు, అది ప్రతి డిసెంబరులో అందరి ముందూ చదువుతాం. పోయినేడు ఖర్చులు పోగా 6,200 మిగిలింది. చిన్నదే, కానీ అందులో ఎవరికీ ఇవ్వాల్సింది ఒక్క రూపాయి కూడా లేదు.

కాబట్టి మీ 200 నోట్లు జ్ఞాపికలుగా అమ్మండి, ఆ 10,000 మీ సంపాదనే. అవే నోట్లు మీలో మీరు సరుకులకు వాడుకుంటామంటే మాత్రం ఆ 10,000 మీది కాదు, ఆ నోట్లు తీసుకున్నవాళ్లది. ముట్టుకోకూడదు. ప్రెస్‌కి ఇచ్చేముందు నోటు వెనక ఏం రాస్తున్నారో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.