మూడో స్థానం జట్టుకు కప్పా?

ప్రశ్న: 2024లో జపాన్ బేస్‌బాల్ సెంట్రల్ లీగ్‌లో యోమియురి జెయింట్స్‌ది మొదటి స్థానం, యోకొహామా బేస్టార్స్‌ది మూడో స్థానం. కప్పు మాత్రం యోకొహామాకే! ఇదేం న్యాయమండీ?

జవాబు: మీ కోపం అర్థమైంది. దీనికంతా కారణం క్లైమాక్స్ సిరీస్, అంటే లీగ్ మ్యాచ్‌లు ముగిశాక మొదటి మూడు జట్ల మధ్య జరిగే పోటీ. 2007 నుంచి సెంట్రల్, పసిఫిక్ రెండు లీగుల్లోనూ ఉంది. ముందు రెండు, మూడు స్థానాల జట్లు తలపడతాయి. రెండు మ్యాచ్‌లు ముందుగా గెలిచినవాళ్లు లీగ్ విజేత, అంటే మొదటి స్థానం జట్టు మీదికి వెళ్తారు.

అక్కడ నాలుగు గెలుపులు కావాలి, లీగ్ విజేతకు బంతి వేయకముందే ఒక గెలుపు ఖాతాలో ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు 1-0 కనిపిస్తే, ఒక మ్యాచ్ నేనే చూడకుండా వదిలేశాననుకుని వెతుక్కున్నాను లెండి! పైగా మ్యాచ్‌లన్నీ వాళ్ల మైదానంలోనే. 12 ఇన్నింగ్స్ తర్వాత కూడా సమమైతే డ్రా. చివరికి గెలుపులు సమానమైతే పైస్థానం జట్టుదే సిరీస్. ఇంత మొగ్గు ఉండీ జెయింట్స్ మొదటి మూడూ వరుసగా ఓడారు, తేరుకుని రెండు గెలిచారు, ఆరో మ్యాచ్ 3-2 పరుగులతో పోగొట్టుకున్నారు. ఆపైన రెండు లీగుల నుంచి వచ్చిన జట్లు కప్పు కోసం తలపడే జపాన్ సిరీస్‌లో యోకొహామా పసిఫిక్ లీగ్ జట్టు సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌నూ 4-2తో ఓడించింది.

2010లో పసిఫిక్ లీగ్‌లో చిబా లోటె మెరీన్స్ కూడా మూడో స్థానం నుంచే వచ్చి కప్పు కొట్టింది. క్లైమాక్స్ సిరీస్‌లో లీగ్ విజేత హాక్స్ 3-1తో ముందుండగా వరుసగా మూడు గెలిచింది. లీగ్ టైటిల్ మాత్రం మొదటి స్థానం జట్టుదే, దాన్నెవరూ లాక్కోరు. జెయింట్స్ అభిమానికి ఆ మాట చెప్పి చూడండి, వింటాడేమో!