ఆ కన్నీళ్ళు ఏ మాట దగ్గర?

తమ్ముడూ,

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ అంతా ఆవిడ తాగుడు, హెరాయిన్, జైలు. తర్వాత 'గుండెను పిండేసే గొంతు' నాలుగుసార్లు వచ్చింది (లెక్కపెట్టాను, ఏమనుకోకు). 1958 ఫిబ్రవరిలో 'లేడీ ఇన్ శాటిన్' ఆల్బమ్ రికార్డు చేసింది, మరుసటి ఏడాది జూలైలో 44 ఏళ్ళకే పోయింది, అదంతా నిజమే. మరి పాటేది?

నేనూ ఇదే చేశాలే. నా తొలి వ్యాసం మీద ఒక ఎడిటర్ గారు "ఆ కన్నీళ్ళు ఏ మాట దగ్గర?" అని పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. నెల్లాళ్ళు కోపంగా తిరిగి, చివరికి ఆ రికార్డు మళ్ళీ పెట్టుకుని వింటే ఏడుపన్నది ఎక్కడా లేదు, అంతా నా కల్పనే.

ఒక పని చెయ్. ఆ ఆల్బమ్‌లోనే హోగీ కార్మైకేల్ కట్టిన పాట 'ఐ గెట్ ఎలాంగ్ వితౌట్ యూ వెరీ వెల్' ఉంది కదా. నువ్వు లేకపోతే నాకేం, బాగానే ఉన్నానంటూ మొదలుపెట్టి, వాన పడితే తప్ప, నీ పేరు వినపడితే తప్ప అని ఒక్కొక్కటే ఒప్పుకుంటూ పోయే పాట. దాన్నే ట్రంపెట్ వాయిస్తూ పాడే చెట్ బేకర్ 1954లో పాడాడు. రెండూ వెంటవెంటనే విను. బేకర్ గొంతులో వణుకు దాదాపు ఉండదు, రాసిన వరసని పెద్దగా కదపడు, ఆ 'బాగానే ఉన్నాను'ని తానే నమ్మేసిన కుర్రాడిలా పాడతాడు. హాలిడే గొంతు అప్పటికి అరిగిపోయింది. వెనక రే ఎల్లిస్ రాసిన వయొలిన్లు టైముకి నడిచిపోతుంటే, ఆవిడ మాటని కాస్త ఆలస్యంగా, పాటకీ మాటకీ మధ్యలో ఎక్కడో వదులుతుంది, మనకేమో ఇష్టం లేకుండా ఒప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఇదంతా జబ్బు వల్లే అని రాసేస్తావేమో, ఆగు. 1935 నుంచి పియానిస్ట్ టెడ్డీ విల్సన్‌తో చేసిన రికార్డుల్లో, గొంతు నిగనిగలాడే రోజుల్లోనూ, బీట్‌కి వెనకపడటం, వరసని కొద్ది స్వరాల్లోకి కుదించుకోవడం ఉన్నాయి. అది పనితనం. కష్టాల ఖాతాలో వేసి ఆవిడకి అన్యాయం చెయ్యకు.

'మన నెరవల్ లాంటిదే' అన్న వాక్యం తీసెయ్. కర్ణాటక సంగీతంలో నెరవల్ అంటే ఒక్క సాహిత్య పంక్తి పట్టుకుని తాళం లోపలే తిప్పితిప్పి పాడతారు. బ్యాలడ్ గాయని పాటంతా పాడాలి, అదీ అంత నిదానం మీద చాలాసార్లు ఒక్కసారే, కాబట్టి చెప్పాలనుకున్నది ఆ పోకలోనే చెప్పేయాలి. అన్నట్టు బ్యాలడ్‌ని కథాగేయం అని కూడా మార్చకు, జాజ్ వాళ్ళ నోట అదొక నెమ్మది పాట, అంతే.

ఆ కార్మైకేల్ పాటకి మూలమైన కవిత రాసిన జేన్ బ్రౌన్ థామ్సన్, 1939లో అది మొదటిసారి రేడియోలో వచ్చే ముందురోజే చనిపోయింది. మంచి కథ, నీ చెయ్యి ఆగదని నాకు తెలుసు. రాసుకో, కానీ మొదటి పేరాలో వద్దు, అందరూ అక్కడే పెడతారు.

మళ్ళీ రాసి పంపు. మూడో పేజీలో వయొలిన్ల గురించి రాసిన చిన్న వాక్యం మాత్రం ముట్టుకోకు, అక్కడ నువ్వు నిజంగా విన్నావు.

మీ అన్నయ్య