డొమైన్ కంట్రోలర్ నిలబెట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ కళాశాల ల్యాబ్‌లోని నలభై కంప్యూటర్లకు, ఆఫీసు గదిలోని ఆరింటికి లాగిన్లన్నీ ఒకే చోటి నుంచి నడిపే బాధ్యత నీకు అప్పగించారని, లైసెన్సులకు డబ్బు మంజూరు కానందువల్ల డెబియన్ (ఉచిత లినక్స్) మీద సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డొమైన్ కంట్రోలర్ (డొమైన్ అనే కంప్యూటర్ల సమూహానికి లాగిన్లు సరిచూసే సర్వర్) పెట్టాలని అనుకుంటున్నావని రాశావు. నిర్ణయం సరైనదే. 2012 డిసెంబరులో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి సాంబా యాక్టివ్ డైరెక్టరీకి (ఖాతాలను, కంప్యూటర్లను ఒకేచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ, పొట్టిగా ఏడీ) పూర్తి స్థాయి కంట్రోలర్‌గా పనిచేస్తోంది. మీ సంఖ్యకు డెస్క్‌టాప్ తెరలేవీ లేకుండా ఇన్‌స్టాల్ చేసిన డెబియన్, నాలుగు జీబీల మెమొరీ ఉన్న ఒక పాత కంప్యూటర్, దానికొక మంచి యూపీఎస్ సరిపోతాయి. అయితే ఈ వారమే ఒక్కో కంప్యూటరు దగ్గరికి వెళ్లి అందులో ఉన్నది విండోస్ ప్రోనా, హోమా అన్నది కాగితం మీద రాసుకో. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు. ఆ సంగతి చివర్లో తెలిస్తే ప్రిన్సిపాల్ గారి ముందు నువ్వే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

ఈ పనిలో కమాండ్లు కొట్టేది అరగంట. ఆ అరగంటకు ముందు తీసుకునే నిర్ణయాలే ఏళ్ల తరబడి వెంట ఉంటాయి, వాటిలో మొదటిది పేరు. డొమైన్‌కు ఒకసారి పెట్టిన పేరును తర్వాత మార్చాలంటే కంప్యూటర్లన్నింటినీ విడదీసి మళ్లీ చేర్చుకోవడం తప్ప తేలిక దారి లేదని అనుకొనే మొదలుపెట్టు. చాలామంది అలవాటుగా చివర డాట్ లోకల్ అని పెడతారు, కానీ ఆ తోకను స్థానిక నెట్‌వర్కులో పేర్లు వెతికే మరో పద్ధతి ఇప్పటికే వాడుకుంటున్నందున లినక్స్, మ్యాక్ యంత్రాలు తికమకపడతాయి. కళాశాల వెబ్‌సైటు పేరునే యథాతథంగా పెట్టడం కూడా తప్పే, ఎందుకంటే లోపలి కంప్యూటర్లకు ఆ పేరు కంట్రోలర్ చిరునామాగా తెలిసి, మీ వెబ్‌సైటు మీకే తెరుచుకోదు. మీ సొంత డొమైన్ పేరుకు ముందు ఏడీ అనే రెండక్షరాలు, ఒక చుక్క చేర్చి ఉపడొమైన్‌గా వాడుకో. విండోస్ చూపించే పొట్టి పేరు 15 అక్షరాలు మించకుండా, చుక్కలు లేకుండా ఉండాలి. సర్వర్ యంత్రానికి మాత్రం వేరే పేరు పెట్టు.

ఇక డీఎన్ఎస్, అంటే పేర్లను చిరునామాలుగా మార్చే వ్యవస్థ. సాంబా పనిచేయడం లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి పాడైంది సాంబా కాదు, డీఎన్ఎస్. కంట్రోలర్ ఎక్కడుందో విండోస్ కంప్యూటరు డీఎన్ఎస్‌లోని ఎస్ఆర్‌వీ రికార్డుల (ఏ సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే వరసలు) ద్వారానే కనుక్కుంటుంది కాబట్టి, ల్యాబ్‌లోని ప్రతి యంత్రమూ పేర్ల కోసం కంట్రోలర్‌నే అడగాలి. రూటరులోని డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు చిరునామాలు పంచే సేవ) అమరికలో డీఎన్ఎస్ చిరునామాగా కంట్రోలర్ చిరునామా ఇవ్వు. బయటి పేర్లను కంట్రోలరే ఫార్వర్డర్‌కు (బయటి డీఎన్ఎస్ సర్వర్‌కు) పంపి తెచ్చి ఇస్తుంది. జాగ్రత్త కోసమని రెండో స్థానంలో రూటరునో, బయటి డీఎన్ఎస్‌నో ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకు. కంప్యూటరు ఒక్కోసారి ఆ రెండోదాన్ని అడుగుతుంది, దానికి మీ డొమైన్ తెలియదు, అప్పుడు లాగిన్ ఒకరోజు అయి ఒకరోజు కాకుండా పోతుంది. అటువంటి లోపాన్ని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం.

సర్వర్‌కు స్థిరమైన ఐపీ చిరునామా ఇచ్చాక హోస్ట్స్ ఫైల్ (యంత్రాల పేర్లు, చిరునామాలు రాసి ఉండే ఫైలు) తెరిచి చూడు. డెబియన్ ఇన్‌స్టాలర్ చాలాసార్లు యంత్రం పేరు ఎదురుగా 127.0.1.1 (యంత్రం తనను తానే సూచించుకునే చిరునామా) అని రాస్తుంది. దాన్ని తీసి అసలు చిరునామా రాయాలి. డెబియన్ బదులు ఉబుంటు వాడితే, డీఎన్ఎస్‌కు కావలసిన 53వ పోర్టును అప్పటికే పట్టుకుని కూర్చున్న సిస్టమ్‌డీ రిసాల్వ్‌డ్ సర్వీసును కూడా ఆపాలి.

ఇవన్నీ కుదిరాకనే సాంబా-టూల్ కమాండుతో ప్రొవిజన్ (కొత్త డొమైన్‌ను సృష్టించడం) చేయి. ప్యాకేజీతో వచ్చిన పాత సాంబా కాన్ఫిగరేషన్ ఫైలును ముందు పక్కకు తప్పించు, లేకపోతే ప్రొవిజన్ మొరాయిస్తుంది. లినక్స్ కంప్యూటర్లు ఎప్పుడైనా చేరే అవకాశం ఉంటే ఆర్ఎఫ్‌సీ 2307 ఆప్షన్ (లినక్స్ యూజర్ నంబర్లను ఖాతాలోనే దాచే వీలు) ఇవ్వు, డీఎన్ఎస్‌కు సాంబాలోనే ఉన్నదాన్ని ఎంచుకో. తర్వాత సాంబాలోని భాగాలైన ఎస్‌ఎంబీడీ, ఎన్‌ఎంబీడీ, విన్‌బైండ్ సర్వీసులను విడిగా నడవనీయకుండా ఆపి, సాంబా ఏడీ డీసీ (డీసీ అంటే డొమైన్ కంట్రోలర్) సర్వీసును మాత్రమే ప్రారంభించాలి. ప్రొవిజన్ తయారుచేసి ఇచ్చిన కెర్బెరోస్ (టికెట్లు ఇచ్చి లాగిన్లను సరిచూసే పద్ధతి) ఫైలును దాని స్థానంలోకి కాపీ చేసి రెండు పరీక్షలు చేయి: ఎల్‌డ్యాప్ (డైరెక్టరీని చదివే పద్ధతి) ఎస్ఆర్‌వీ రికార్డు అడిగితే నీ సర్వర్ పేరు రావాలి, కేఇనిట్ కమాండుతో అడ్మినిస్ట్రేటర్‌కు టికెట్ దొరకాలి. ఈ రెండూ కాకుండా ఏ విండోస్ యంత్రాన్నీ ముట్టుకోకు.

గడియారం గురించి నాకు జరిగినది చెబుతాను. పాత ఉద్యోగంలో ఒక వేసవి రాత్రి చాలాసేపు కరెంటు పోయి యూపీఎస్ కూడా ఆరిపోయింది. కంట్రోలర్ మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉన్నందున, కరెంటు వచ్చేసరికి దాని తేదీ కొన్నేళ్లు వెనక్కి వెళ్లింది. కెర్బెరోస్ గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. రోజూ ఒకే కంప్యూటరు వాడేవాళ్లు పాత లాగిన్ జ్ఞాపకంతో లోపలికి వెళ్లగలిగారు గాని ఫోల్డర్లు తెరుచుకోలేదు. కొత్త సీటులో కూర్చున్నవాళ్లు లాగిన్ కూడా కాలేకపోయారు. నేను తేదీ చూడకుండా సగం రోజు పాస్‌వర్డులు మారుస్తూ గడిపాను. అందుకే బిళ్ల బ్యాటరీ ఇప్పుడే మార్చు, గడియారాన్ని సరిచేసే క్రోనీని సాంబాతో కలిపి నడుపు, ఏ లాగిన్ లోపానికైనా ముందు సమయం చూడు.

విద్యార్థుల ఫైళ్లను కంట్రోలర్ మీద పెట్టవద్దు. మరో యంత్రాన్ని డొమైన్‌లో సభ్య సర్వర్‌గా చేర్చి అక్కడ పెట్టు. పాస్‌వర్డు గడువు మొదట 42 రోజులుగా ఉంటుంది, విద్యార్థులకు అది కుదరదు కాబట్టి మార్చుకో. రోజువారీ నిర్వహణకు ఒక విండోస్ ప్రో కంప్యూటరులో ఆర్‌శాట్ (మైక్రోసాఫ్ట్ నిర్వహణ ఉపకరణాలు) పెట్టుకుంటే చాలు.

రెండో కంట్రోలర్ తప్పనిసరిగా అడిగి తీసుకో. ఖాతాలు, డీఎన్ఎస్ రికార్డులు వాటంతట అవే రెండింటి మధ్య కదులుతాయి గాని, గ్రూప్ పాలసీలు (డొమైన్ కంప్యూటర్లకు ఒకేచోటి నుంచి వర్తించే అమరికలు) ఉండే సిస్‌వాల్ ఫోల్డరును సాంబా కాపీ చేయదు. ఆర్‌సింక్ అనే కాపీ కమాండుతో మొదటి దాని నుంచి రెండోదానికి నువ్వే పంపాలి, పాలసీలను మొదటి దానిలోనే మార్చాలి. రెండు కంట్రోలర్లు ఉన్నప్పుడు ఒకదాన్ని పాత స్నాప్‌షాట్‌కు (ముందు తీసిపెట్టిన యథాతథ నకలుకు) వెనక్కి తిప్పితే వాటి లెక్కలు తప్పి డైరెక్టరీ పాడవుతుంది. పాడైన కంట్రోలర్‌ను తీసేసి కొత్తగా చేర్చడమే క్షేమం.

బ్యాకప్‌కు సాంబా-టూల్‌లోనే డొమైన్ బ్యాకప్ ఉంది. దాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడు పాత కంట్రోలర్ల పేర్లు ఒప్పుకోదు, కొత్త పేరు అడుగుతుంది. ఆ ఆందోళనలో మొదటిసారి తెలుసుకోవడం కన్నా, సెలవుల్లో నెట్‌వర్కుకు కలపని యంత్రం మీద ఒకసారి చేసి చూసుకో.

ముందు ల్యాబ్‌లో రెండు కంప్యూటర్లనే చేర్చి వారం రోజులు మామూలుగా వాడనివ్వు. ఆ వారంలో ఏ లోపం వచ్చినా దాని వాక్యాన్ని పూర్తిగా, సర్వర్ లాగ్‌లోని ఆ నిమిషపు వరసలతో కలిపి నాకు పంపించు.

ఇట్లు,
మామయ్య